కత్తికి రెండో వైపు

చెర్నేస్, 20 ఏప్రిల్ 1952

ఎర్మెస్,

ఏడాదిగా ఉత్తరం ముక్క రాయని అక్కకి పని పడేసరికి కలం దొరికిందా అని నువ్వు అనకముందే నేనే అనేసుకుంటున్నాను. అయిపోయింది కదా, ఇక చదువు.

మా కొత్త ఫాదర్ స్వాల్దో గారికి మన గుడి కత్తి మళ్ళీ కావాలట. అసలుదాన్ని యుద్ధంలో సైన్యం ఎత్తుకుపోయినప్పటి నుంచి జనవరి ఆరున ముగ్గురు రాజుల పండుగ పూజ కత్తి లేకుండానే జరుగుతోంది. ఫాదర్‌కి సాయంగా ఉండే డీకన్ ఈకల టోపీ పెట్టుకుని ఉత్త చేతులు గాల్లో ఊపుతుంటే ఈగలు తోలుతున్నట్టుంటుంది. ఐదువందల ఏళ్ళనాటి కత్తిని ఎక్కడని వెతుకుతాం? అచ్చం అలాంటిదే చేయిద్దామన్నారు. మానియాగోలో మా తమ్ముడి కంటే మంచి కత్తుల పనివాడు లేడని చెప్పాను. మురిసిపోకు, ఎవరి కాకిపిల్ల వారికి ముద్దు.

దాని ఆనవాళ్ళు నాకు తెలిసినట్టు ఊళ్ళో ఎవరికీ తెలియవు. మీ బావ గుడి తాళాలు చూసుకున్న ఇరవై ఏళ్ళూ పండుగ ముందు రోజు బూడిదా వెనిగరూ వేసి దాన్ని తోమింది నేనే. నేల మీద నిలబెడితే నా రొమ్ము దాకా వస్తుంది. రెండు చేతులూ పట్టేంత పిడి. అడ్డుకమ్మి తిన్నగా ఉంటుంది, మొన కిందికి పెట్టి పట్టుకుంటే శిలువ అయ్యేలా. అలుగుకి పదును పెట్టొద్దు, గుడి కత్తి రక్తం తాగకూడదు. పిడి చివర అరచేతిలో ఇమిడేంత గుండ్రటి బిళ్ళ. ఆ బిళ్ళకి ఒక వైపు శిలువ. రెండో వైపు కూడా శిలువే. మరిచిపోతావేమో, రెండు వైపులా శిలువే.

పట్టుపురుగులు గుడ్లు పగిలి బయటికొచ్చాయి. వంటింటి నిండా తట్టలే. మా కోడలు ఎల్దా రోజంతా మల్బరీ ఆకు తరుగుతోంది. ఆ పిల్ల చేయి చురుకే కానీ నోరు పెగలదు. ఇంట్లో మేమిద్దరం ఆడవాళ్ళం, మాట్లాడేది మాత్రం నేనొక్కదాన్నే.

ఒక్క సంగతి చెప్తాను, నీ పెళ్ళాం వేలియాకి చెప్పకు, నవ్వుతుంది. మొన్న మధ్యాహ్నం మొక్కజొన్న సంకటి, అదే పొలెంటా, బల్ల మీద వంచుతుంటే వీధి తలుపు గొళ్ళెం కదిలింది. పిల్లి కాదు, గాలి కాదు. మనిషి చేయి పడితే ఎలా కదులుతుందో అలా. తలుపు తీస్తే ఎవరూ లేరు. నాకు భయం వేయలేదురా, హాయిగా అనిపించింది. రష్యా నుంచి నడిచి రావడమంటే మాటలా? నా కొడుకు దుయీలియో దగ్గరికొచ్చేశాడు.

నీ అక్క,
ఒనొరీనా

&nbsp;

మానియాగో, 4 మే 1952

మా మొండి అక్కకి,

నీ ఉత్తరం అందింది. కాకిపిల్ల కృతజ్ఞతలు.

గుడి కత్తి చేయడానికి నన్ను పిలిచారంటే పని ఆపి ఆ ముక్క మళ్ళీ చదువుకున్నాను. రోజూ జున్ను చాకులూ, పంది కోసే కత్తులూ, సినిమావాళ్ళ రేకు ఖడ్గాలూ చేసి చేసి చేతులకి విసుగొచ్చింది. ఇది చేసి చచ్చిపోయినా పరవాలేదని వేలియాతో అన్నాను. "ముందు పొయ్యిగొట్టం బాగుచేసి చావు" అంది.

మంచి ఉక్కు కడ్డీ ఒకటి పక్కన పెట్టాను. కొలతలన్నీ సరిపోయాయి. ఒక్కటే అనుమానం. బిళ్ళకి రెండో వైపు శిలువ అన్నావు. అటు వ్యాకుల మాత ఉండేది కదక్కా? ఒళ్ళో చచ్చిపోయిన కొడుకుని పెట్టుకుని తల వంచిన తల్లి. మన అమ్మ పోయిన ఏడు నన్ను గుడి మెట్ల దాకా ఎత్తుకెళ్ళి ఆ వైపే ముద్దు పెట్టించావు. ఇనుము చల్లగా తగిలి నేను ఏడిస్తే వీపు మీద ఒకటి వేశావు కూడా. బతికున్నవాళ్ళని దీవించేటప్పుడు శిలువ వైపు, పోయినవాళ్ళ పేర్లు పిలిచేటప్పుడు తల్లి వైపు తిప్పేవారు. లేక దెబ్బ మాత్రమే నిజమై, తల్లి నా కలా?

వయసు మీద పడుతోంది అక్కా, నీకో నాకో. సరిగ్గా గుర్తు చేసుకుని రాయి. చెక్కాక చెరపడం కుదరదు.

గొళ్ళెం సంగతి. ఆ తలుపు మన నాన్న కాలం నాటిది. ఎండాకాలం వచ్చేముందు చెక్క బిగుసుకుంటుంది, ఇనుము సడలుతుంది. కాస్త నూనె వెయ్యి.

నీ తమ్ముడు,
ఎర్మెస్

&nbsp;

చెర్నేస్, 15 మే 1952

ఎర్మెస్‌కి,

పద్నాలుగేళ్ళకే ఊరు వదిలి పనికి పోయినవాడివి నువ్వు. కత్తిని ఇరవై ఏళ్ళు ఒళ్ళో పెట్టుకుని తోమినదాన్ని నేను. ఎవరి మాట నమ్మాలో నువ్వే చెప్పు. నువ్వు చూసిన తల్లి పక్క పీఠం మీది బొమ్మ అయ్యుంటుంది. చంటిపిల్లాడివి, ఏడుపులో ఏం చూశావో ఏమో. రెండు వైపులా శిలువే.

అయినా కత్తి మీద తల్లి ఎందుకు? మొన్న ఆదివారం ఫాదర్ ప్రసంగంలో కూడా అదే గోల. పసివాడైన ఏసుని గుడికి తీసుకెళ్తే సిమియోను అనే ముసలాయన మరియతల్లితో అన్నాడట, నీ గుండెలోకి ఒక ఖడ్గం దూసుకుపోతుందని. గుడి కత్తి ఆ ఖడ్గమేనట. పోయినవాళ్ళ పేరు పిలిచి, దణ్ణం పెడుతున్నట్టు కత్తిని కిందికి వంచినప్పుడు ప్రతి తల్లీ మరియతల్లి అవుతుందట. బాగానే ఉంది. పురిటి వాసన పోని పిల్లకి ఆ ముసలాయన అంత మాట ఎందుకు చెప్పాలి? నోరు మూసుకుని దీవించి పంపొచ్చుగా.

నూనె వేశాను. గొళ్ళెం ఇప్పుడు చప్పుడు లేకుండా కదులుతోంది, అంతే తేడా. నిన్న గడప లోపల నేల తడిగా ఉంది. అడుగుల్లా. బయట మట్టి ఎండి బీటలు వేసింది, వానచుక్క లేదు. ముట్టుకుంటే మంచు కరిగిన నీళ్ళలా చేయి కొరికింది. ఎల్దా గుడ్డ తెచ్చి వంగి తుడిచేసింది. "ఏమిటే అవి?" అంటే, "నీళ్ళు అత్తయ్యా" అంది. నా మొహం చూడలేదు.

పురుగులు నాలుగోసారి కుబుసం విడిచి నిద్ర లేచాయి. ఆకు తింటుంటే ఇంట్లో వాన కురుస్తున్నట్టుంది.

ఒనొరీనా

&nbsp;

మానియాగో, 6 జులై 1952

కోపాల అక్కకి శాంతి కలుగుగాక,

సరే, రెండు వైపులా శిలువే. ఇక పోట్లాడను.

అలుగు సాగదీయడం అయింది. నిన్న కాల్చి నూనెలో ముంచాను. వంకర పోకుండా, పగలకుండా బయటికొచ్చింది. చూడ్డానికొచ్చిన పక్క కొలిమివాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కటి మాత్రం వింతగా ఉంది. దాగలి మీద దెబ్బ వేసి సుత్తి ఎత్తాక, ఇంకో చిన్న దెబ్బ వినిపిస్తుంది. దూరం నుంచి, ఎవరో మంచులో గుడారం మేకు కొడుతున్నట్టు. చెవుల్లో హోరు అనుకున్నాను. కానీ వేలియా వాకిట్లోంచి వచ్చి, "నీతో పాటు ఇంకెవరు కొడుతున్నారు?" అని అడిగింది. ఎవరూ లేరన్నాను. ఆవిడ మళ్ళీ లోపలికి రాలేదు.

మీ ఊరివాడు ఒకడొచ్చాడు. పాలకేంద్రంలో జున్ను చేసే జెలిందో. జున్ను కోసే తీగ తెగిందనీ, కొత్తది కావాలనీ వచ్చాడు. తీగ కొనడానికి ఇంత దూరం సైకిల్ తొక్కుతారా ఎవరైనా? కొన్నాక కూడా కదలడే. చేతుల్లో టోపీ తిప్పుతూ నిలబడ్డాడు.

"గుడి కత్తి మీరేనటగా చేసేది" అన్నాడు.

"నేనే. చూస్తావా?"

"చూడక్కర్లేదు. తల్లి వైపు కూడా ఉంటుంది కదండీ?"

"మా అక్క శిలువే అంది."

వాడి మొహం పాలిపోయింది. "అలాగా" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తీగ బల్ల మీదే మరిచిపోయాడు. ఎవరి చేతైనా పంపుతాను, ఇచ్చేయి. పాపం, భక్తిపరుడిలా ఉన్నాడు.

అంటే ఆ తల్లి నా ఒక్కడి కలే కాదన్నమాట. ఇంకోసారి ఆలోచించు అక్కా. పోట్లాడను అన్నాను, అడగను అనలేదు.

ఎర్మెస్

&nbsp;

చెర్నేస్, 13 జులై 1952

ఎర్మెస్,

భక్తిపరుడా! నీ మొహం. వాడికి కావాల్సింది మరియతల్లి కాదు, నా కోడలు.

ఎల్దా నీకు ఉత్తరం రాసిందా? నిజం చెప్పు. ఇద్దరూ కూడబలుక్కుని వాడిని నీ దగ్గరికి పంపారా? నువ్వు కూడా వాళ్ళ పక్షమేనా? అడిగితే ఆ పిల్ల "లేదు అత్తయ్యా, నాకు తెలియదు" అంది. ఎప్పుడూ అదే గొంతు, వేడీ లేదు చల్లదనం లేదు. తీగ నా దగ్గరికి పంపకు. వాడి పాలకేంద్రానికే పంపు.

దాచి ఏం లాభం, విను. బిళ్ళకి రెండో వైపు తల్లి ఉండేది. నువ్వు చూసింది నిజమే.

కత్తి రాగానే ఫాదర్ స్వాల్దో పండుగ పూజలో రష్యాలో తప్పిపోయిన మన ఊరి పిల్లలందరి పేర్లూ పిలుస్తారట. తల్లి వైపు తిప్పి, ఒక్కొక్కరి పేరుకీ కత్తి వంచుతారట. మిగతా తల్లులు ఒప్పుకున్నారు. త్రాంక్విల్లా అయితే ఇద్దరు కొడుకుల పేర్లూ ఇచ్చింది. మా ఇంటి నుంచి ఎల్దా సరే అంది. నన్ను ఎవరూ అడగలేదు. నేను వద్దంటానని అందరికీ తెలుసు కాబట్టి.

రోము నుంచి కాగితం ఎప్పుడో వచ్చింది, చచ్చిపోయినట్టే లెక్క అని. రోముకేం, వాళ్ళు కన్నారా? కానీ చెర్నేస్‌లో కత్తి వంగకుండా ఎవరూ చచ్చినట్టు కాదు, ఎవరూ విధవ కారు. నీకు తెలుసు. కత్తి వంగితే ఆ పిల్ల జెలిందో ఇంటికి వెళ్ళిపోతుంది, నా కొడుకు తిరిగొచ్చేసరికి వాడికి పెళ్ళామూ ఉండదు, పేరూ ఉండదు. సొంత ఊరే వాడిని పాతిపెట్టి ఉంటుంది. వచ్చినవాడి మొహం ఎలా చూడను?

తల్లి వైపు లేకపోతే పేర్లు పిలవడం కుదరదు. అందుకే శిలువ అన్నాను. తప్పు నీ మీద పడుతుందని తెలుసు, ఎర్మెస్ మరిచిపోయాడని ఊరంతా అంటుందని తెలుసు. అక్క కోసం ఆ మాత్రం మాట పడలేవా అనుకున్నాను. అమ్మ పోయాక నిన్ను ఎత్తుకు తిరిగిన చేతులివి.

వాడు వస్తున్నాడురా. ఇప్పుడు రోజూ వస్తున్నాడు. మధ్యాహ్నం గొళ్ళెం కదులుతుంది, గడప తడుస్తుంది. ఇవాళ ఈ ఎండలో గుమ్మం దగ్గర వాడి ఊపిరి ఆవిరిలా కనిపించింది. ఇంకొంచెం ఓపిక పట్టమని అందరికీ చెప్పలేక చస్తున్నాను.

నీ అక్క

&nbsp;

మానియాగో, 21 సెప్టెంబర్ 1952

అక్కకి,

ఇన్నాళ్ళు జవాబు రాయలేదంటే కోపంతో అనుకుని ఉంటావు. కోపం కాదు, భయం.

ముందు ఇది విను. ఎల్దా నాకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. జెలిందో ఎవరో కూడా నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నీ కోడలిని ఉత్తపుణ్యానికి తిట్టావు. ఊరు అనే మాట నేను పడతాను, దానికేం. కానీ ఆ అమ్మాయి పడక్కర్లేదు.

దుయీలియో నాకూ మేనల్లుడే అక్కా. రైలెక్కే ముందు ఇక్కడికొచ్చి, ఈ కొలిమి దగ్గరే నిలబడి, "మామా, రష్యాలో చలి నిజంగా అంతుంటుందా?" అని నవ్వాడు. ఏం కాదురా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

నీ కోసం శిలువే చెక్కుదామని కూర్చున్నాను. ఉలి పెట్టాను, చేయి కదలలేదు. కత్తుల పనిలో ఒక మాటుంది, అలుగు అబద్ధం ఆడదు, ఆడించినవాడి చేయి తెగుతుంది. అలాగని తల్లిని చెక్కి నీ గుండె కోయలేను. అందుకని ఆ వైపు ఏమీ చెక్కలేదు. నున్నగా మెరుగు పెట్టి బోసిగా వదిలేశాను. ఫాదర్ అడిగితే నాకు చేతకాలేదని చెప్పు. అది నిజం కూడా.

ఇప్పుడు నాకు భయమేస్తున్న సంగతి. ఆ బోసి వైపు చెమ్మ పడుతోంది. కొలిమి పక్కన పెట్టినా, నూనె పూసి గుడ్డ చుట్టినా, తెల్లారేసరికి నీటి బొట్లు. శిలువ వైపు పొడిగా ఉంటుంది, అదే బిళ్ళ, అదే ఉక్కు. తుడుస్తుంటే వేలియా చూసి శిలువ గుర్తు వేసుకుంది. "ఎవరో కిటికీ అద్దానికి మొహం ఆనించినట్టుంది" అంది. ఆవిడ నీలా కాదు, దెయ్యాల కథలకి ఆవలించే మనిషి.

చలికాలం లోపే పంపించేస్తాను. ఇక్కడ ఉంచుకోలేను.

నీ తమ్ముడు,
ఎర్మెస్

&nbsp;

చెర్నేస్, 9 జనవరి 1953

నా తమ్ముడికి,

మూడు రోజుల నుంచి రాద్దామని కూర్చుంటున్నాను. ఇవాళ రాయకపోతే ఇక రాయలేను.

పండుగ మంట బాగానే వేశారు. పొగ పడమటికి పోయింది. తూర్పుకి పోతే సంచి పట్టుకుని సంతకి, పడమటికి పోతే సంచి పట్టుకుని దేశాల మీదికి అంటారుగా. కుర్రాళ్ళు అప్పుడే బెల్జియం గనుల మాటలు మొదలుపెట్టారు.

పండుగ పొద్దు దాకా గుడ్డ విప్పకుండా నా దగ్గరే ఉంచిన నీ కత్తిని చూసి గుడి గుడంతా ఊపిరి బిగబట్టింది. డీకన్ టోపీ పెట్టుకుని దాన్ని ఎత్తగానే ముసలివాళ్ళు ఏడ్చారు. అదే కత్తి, అదే బరువు అన్నారు. శిలువ వైపు తిప్పి దీవించాడు. బాగుంది. తర్వాత ఫాదర్ పిలవబోయే పేర్లు మనసులో చెప్పుకుంటూ ముందుకొచ్చారు. తల్లులందరూ నల్లబట్టలు కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని ముందు బల్లల్లో ఉన్నారు. డీకన్ కత్తి తిప్పాడు. బోసిగా ఉంది. ఫాదర్ బిళ్ళ దగ్గరికి వంగి చూశారు. "తల్లి లేకుండా ఎలా పిలుస్తానమ్మా" అన్నారు, ఎవరితోనో తెలియదు. పేర్లు పిలవకుండానే పూజ ముగించారు.

నేను అనుకున్నట్టే అయింది. గెలిచాను కదా, తల ఎత్తుకుని బయటికి రావాలి. రాలేకపోయాను. ఆ ఆడవాళ్ళు వెలిగించని కొవ్వొత్తులు పట్టుకుని మంచులో ఇళ్ళకి పోతుంటే చూశాను. త్రాంక్విల్లా వెనక్కి వచ్చింది. డీకన్ చేతిలో కత్తి ఇంకా ఉంది. ఆ బోసి బిళ్ళకి ముద్దు పెట్టింది. పెదవి తడిసింది. నా దగ్గరికొచ్చి చెప్పింది:

"నీ తమ్ముడికి చేతకాకపోవడమేమిటి ఒనొరీనా? నువ్వే వద్దన్నావు. నాకు తెలుసు. నీ ఒక్క కొడుకు కోసం నా ఇద్దరినీ బయటే నిలబెట్టావు."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక అన్నం పెట్టుకోబోతుంటే గొళ్ళెం కదిలింది. ఎప్పటిలాగే లేచాను. ఎల్దా నా చేయి పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల నా చేయి పట్టుకోవడం అదే మొదటిసారి.

"వెళ్ళకండి అత్తయ్యా."

"ఎందుకే? వాడొచ్చాడు."

"నాకూ తెలుసు. మీకంటే ముందు నుంచీ వింటున్నాను. కానీ పగలు ఆ తలుపుకి గడియ పెట్టం కదా. తోస్తే వస్తుంది. బతికున్నవాడైతే తోసుకుని వచ్చి, ఆకలేస్తోందే అని అరిచేవాడు. మీ అబ్బాయి సంగతి మీకు తెలీదా? ఆయన రావడం లేదు అత్తయ్యా. రాలేకపోతున్నాడు."

దాని మీద చేయి ఎత్తాను. కొట్టలేదు.

"పదేళ్ళుగా మంచులోనే నిలబడ్డాడు. బతికున్నవాళ్ళలోకి రాలేడు, పోయినవాళ్ళలోకి మనం పోనివ్వం. జెలిందో కోసం అనటం లేదు. జెలిందోని వద్దనమంటే వద్దంటాను, ఇప్పుడే వెళ్ళి చెప్తాను. ఆయనని మాత్రం అక్కడ నిలబెట్టకండి."

ఎర్మెస్, నేను తలుపు తీయలేదు. ఆ చేయి ఆగిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. చెక్కకి ఇవతల నేను, అవతల వాడు. నా బిడ్డ చలికి వణుకుతుంటే నేను ఇన్నాళ్ళూ లోపల కూర్చుని సంతోషించానురా. దగ్గరికొచ్చాడని నీకు గొప్పగా ఉత్తరాలు రాశాను. నేనసలు తల్లినేనా?

కత్తి నీకు వెనక్కి పంపిస్తున్నాను. తల్లిని చెక్కు. ఎలా ఉండేదో ఇప్పుడు నిజం చెప్తాను.

నువ్వు చిన్నప్పుడు చూసిన ముఖం తర్వాత లేదు. ముద్దులకి కొంత అరిగింది, మిగతాది నేనే తోమేశాను, ఏటేటా బూడిదతో. చివరికి కళ్ళూ ముక్కూ ఏమీ మిగల్లేదు. తలకి కప్పుకున్న గుడ్డ మడతలు ఎడమ వైపు ఉంటాయి. మెడ బాగా వంగి ఉంటుంది. కుడి చేయి కొడుకు తల కింద, ఎడమ చేయి విప్పి చాచి ఉంటుంది, ఇదిగో చూడండి అన్నట్టు. కొడుకు కాళ్ళు బిళ్ళ అంచు దాటి కనిపించవు, చోటు చాలలేదేమో. తల్లి మోకాళ్ళు బాగా వెడల్పు. ఎదిగిన కొడుకుని ఒళ్ళో పట్టాలి కదా.

ముఖం చెక్కకు. నా మాట విను, ఈసారి అబద్ధం కాదు.

అక్క

&nbsp;

మానియాగో, 22 మార్చి 1953

అక్కా,

కత్తి చేరింది. పని కూడా అయింది. రేపు సరుకుల బండి మీద పంపిస్తున్నాను.

నువ్వు చెప్పింది చెప్పినట్టే చెక్కాను. గుడ్డ మడతలు ఎడమ వైపు, చేయి విప్పి. ముఖం పెట్టలేదు. మెడ ఎంత వంచాలో తెలియక రెండు రోజులు కూర్చున్నాను. చివరికి వేలియా వచ్చి, నువ్వు పురుగుల తట్ట మీదికి ఎలా వంగుతావో వంగి చూపించింది. అదే పెట్టాను. నాకు నచ్చింది.

మొదటి గాటు పెట్టగానే బిళ్ళ మీద చెమ్మ ఉలి వెంట గీతలోకి జారింది. ఆపకుండా చెక్కాను. వేలియా పక్కనే కూర్చుని దుయీలియో చిన్నప్పటి అల్లరి చెబుతూ ఉంది, మా కోళ్ళకి ద్రాక్షసారా పట్టించిన రోజూ అదీ. నవ్వుతూ చెక్కాను, ఏడుస్తూ చెక్కాను. చివరికి వచ్చేసరికి ఇనుము పొడిగా, చేతి వెచ్చదనంతో ఉంది. ఇప్పుడు సుత్తికి ఒక్క చప్పుడే.

నువ్వు తల్లివి కావా అని అడిగావు. అలాంటి ప్రశ్న ఇంకోసారి రాస్తే సైకిలేసుకుని వచ్చి నీ వీపు మీద ఒకటి వేస్తాను. నాకు బాకీ ఉంది.

ఎల్దాని ఏమీ వద్దననీయకు.

నీ ఎర్మెస్

&nbsp;

చెర్నేస్, 7 జనవరి 1954

ఎర్మెస్, వేలియా, ఇద్దరికీ,

నిన్న అయిపోయింది. జ్వరమొచ్చి నువ్వు రాలేకపోయావు కాబట్టి అంతా రాస్తాను, వేలియా గట్టిగా చదివి వినిపించాలి.

మంచు మోకాళ్ళ దాకా ఉన్నా గుడి నిండిపోయింది. డీకన్ శిలువ వైపు దీవించాక కత్తి తిప్పాడు. కొవ్వొత్తుల వెలుగు నీ తల్లి మెడ మీద పడింది. త్రాంక్విల్లా నా చేయి వెతికి పట్టుకుంది. ఏడాదిగా నాతో మాట్లాడని మనిషి.

ఆచారం నీకు గుర్తుందో లేదో. పేరు పిలిచి కత్తి వంచగానే ఆ ఇంటి పెద్ద ఆడమనిషి లేచి, "వచ్చాడు" అనాలి. దేవుడి ఇంటికి చేరాడని ఇంటివాళ్ళే సాక్ష్యం చెప్పాలి. ఆ మాట పడేదాకా కత్తి పైకి ఎత్తరు.

త్రాంక్విల్లా రెండుసార్లు అంది. తడబడలేదు.

తర్వాత నా కొడుకు పేరు. ఇంటిపేరుతో సహా పూర్తిగా పిలిచారు, బడిలో పిలిచినట్టు. కత్తి వంగింది. నేను లేచాను. పదకొండేళ్ళుగా నేను అనాలనుకున్నది ఆ ఒక్క మాటే కదరా. వీధిలోకి పరుగెత్తి, పక్కింటి గోడ మీంచి, పాలకేంద్రం దగ్గర, అందరికీ అరిచి చెప్పాలనుకున్న మాట. అది ఇక్కడ, ఇలా అనాలా? డీకన్ చేతులు బరువుకి వణుకుతున్నాయి. ఫాదర్ తొందరపెట్టలేదు. ఎల్దా నా పక్కన నిలబడి ఉంది, నా బదులు తను అనేసినా ఎవరూ కాదనరు, కానీ అనలేదు. ఆ మాట నాదని దానికి తెలుసు.

"వచ్చాడు" అన్నాను.

గట్టిగానే అన్నాను. వెనక బల్లల దాకా వినపడిందట.

పూజ అయ్యాక బిళ్ళకి ముద్దు పెట్టాను. నీ పని బాగుందిరా. కొడుకు తల కింద చేయి సరిగ్గా పెట్టావు, మెడ పడిపోకుండా.

రాత్రి ఎల్దాకి నిద్ర పట్టలేదు, నాకు పట్టింది. పొద్దున్న జెలిందోని నేనే పిలిచి కాఫీ ఇచ్చాను. బల్ల అంచున కూర్చుని టోపీ తిప్పుతుంటే, "ఆ టోపీ అరిగిపోయేలోపు ముహూర్తం పెట్టుకోండి" అన్నాను. ఎల్దా నడుముకి కట్టుకున్న వంటగుడ్డతో మొహం కప్పుకుంది. ఈస్టర్ వెళ్ళిన వారం అనుకున్నాం. ఆ పిల్లకి తండ్రి లేడు, నువ్వే చేయి పట్టుకుని నడిపించాలి. కొత్త బూట్లు వేసుకుని రా, మంచి కోటు వేలియా చూస్తుంది.

పెళ్ళి రాయించడానికి ముగ్గురం ఫాదర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన పెద్ద పుస్తకం తెరిచి, కళ్ళద్దాలు సర్దుకుని, పెళ్ళికూతురి తల్లి ఎవరని అడిగారు. ఎల్దా నోరు తెరిచేలోపు నేనే చెప్పాను, నేనేనని.

మీ
ఒనొరీనా